మా బావకు నచ్చని వాచీ బెల్టులు

మా బావ బదరీనారాయణ ప్రొద్దుటూరులో ఏళ్ల తరబడి చీరలమ్ముతున్నాడు. కొట్టుకొచ్చిన ఆడవాళ్లు ఏ చీరా తేల్చుకోకుండా పూటంతా కూర్చుంటే, ఇంటికొచ్చి మా అక్క ముందు వాపోతాడు. "మే, ఒక్క చీర కోసరం బీరువాలు బీరువాలే దింపించినారు. పట్టిందల్లా వద్దంటారు. వీళ్లు మనుషులేనా?" అంటాడు. అట్లాంటి మనిషి ఒక వాచీ బెల్టు కోసం మూడు ఊళ్లు తిరిగి, దింపించినవన్నీ వద్దన్నాడు. మూడు ఊళ్లకూ నన్ను వెంటేసుకుని పోయాడు. నాకు మండదా మరి?

మండటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ వాచీ మా నాన్నది.

మాది జమ్మలమడుగు. కామేశ్వరమ్మక్క పెళ్లినాటికి నాకు పన్నెండేళ్లు. పెళ్లికొడుకు అలగడం మాలో ఆనవాయితీ. అలగకపోతే వాడికే ఏదో లోటుందని నలుగురూ అనుకుంటారు. బావ మంచమెక్కి వాచీ కావాలని అలిగాడు. కడప నుంచి రావలసిన కొత్త వాచీ వేళకు రాలేదు. రేపిస్తామంటే మంచం దిగనన్నాడు. విస్తళ్లలో వంకాయకూర చల్లారిపోతోంది. మా నాన్న రామసుబ్బయ్య శెట్టి తన చేతి వాచీ విప్పి అల్లుడి చేతికి కట్టి, చెవిలో ఏదో చెప్పాడు. బావ చటుక్కున దిగి విస్తరి ముందు కూర్చున్నాడు.

నేను దొడ్లోకి పోయి ఏడ్చాను. ఆ వాచీకి రోజూ పొద్దున్నే కీ ఇచ్చేది నేనే. పెద్దయ్యాక అది నాదేనన్న ధీమాతో ఉన్నాను. ఉన్న ఒక్క కొడుకునీ పక్కనపెట్టి, నిన్నగాక మొన్న వచ్చినవాడికి కట్టేశాడే అని నాన్న మీద కూడా కోపమొచ్చింది. ఆ కోపం నాన్న పోయాక కూడా పూర్తిగా పోలేదు.

అప్పట్నించీ బావ కనిపిస్తే చాలు, "వాచీ ఎప్పుడిస్తావు బావా?" అని అడిగేవాణ్ని. "నీ చెయ్యి చూసుకోప్పా, కట్టెపుల్ల మాదిరుండాది. యాడ నిలుస్తాది? జారిపోతాది పో" అనేవాడు. ఇరవై దాటినా అదే మాట, ముప్పై దాటినా అదే మాట. నలభై దాటాక నా ఒంటితో పాటు మణికట్టూ లావెక్కింది. అప్పట్నుంచి జవాబు చెప్పడం మానేసి నవ్వడం మొదలుపెట్టాడు.

ఆ వాచీ అంటే ఆయనకు అంత మురిపెం. పొద్దున అంగట్లో దీపం పెట్టే ముందు కీ ఇస్తాడు. టీవీలో వార్తలు వాచీ కంటే ముందు మొదలైతే, టీవీవాళ్లకు తొందరెక్కువంటాడు. నడివయసులో ఒకసారి పెన్నలో కాలుజారి పడితే, మనిషి మునిగాడు గానీ వాచీ చెయ్యి మాత్రం నీళ్లపైనే ఉందట. ఈ ముచ్చట అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఈ ఏడు నా షష్టిపూర్తి ఇంకా కొన్ని రోజులుందనగా ఫోన్ చేశాడు. "హరీ, బెల్టు తెగింది. నువ్వు రావల్ల."

బెల్టుకూ నాకూ సంబంధమేమిటో అర్థం కాకపోయినా పోయాను. ప్రొద్దుటూరులో వాచీలు బాగుచేసే హుమాయున్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శెట్టీ, ఇప్పటి బెల్టులు దీంట్లోకి దూరవు. పాత వాచీ గదా, బెల్టు పట్టే సందు సన్నం. ఇంత సన్నం బెల్టులు ఇప్పుడు ఆడోళ్ల వాచీలకే వస్తాండాయి."

"ఆడోళ్లదైతే ఏమిలే, బిగించు" అన్నాడు బావ. నా వైపు తిరిగాడు. "హరీ, నీ చెయ్యి ఇట్లియ్యి."

"నా చెయ్యెందుకు? వాచీ నీది గదా?"

"చీర బాగుండాదో లేదో కట్టుకున్నోళ్లకు తెలుస్తాదా? ఎదురుగా నిలబడి చూసేటోళ్లకు తెలుస్తాది. ఎన్నేండ్ల యాపారమప్పా నాది!"

నిజమే, చీర అమ్మేటప్పుడు కొనేవాళ్ల భుజాన వేయడు, పక్కావిడ భుజాన వేసి చూపిస్తాడు. ఎడమ చేతికి నా వాచీ ఉంది కాబట్టి కుడి చెయ్యి చాపాను. నాన్న వాచీ నా చేతి మీద కూర్చుంది. కానీ ఆడవాళ్ల బెల్టు పొట్టిది, కొస బకిలీ దాకా రాలేదు.

"సాల్లేదు. వద్దు" అన్నాడు బావ.

"నీ చేతికి చాలుతుందేమో చూసుకో."

"నా చేతి సంగతి నీకెందుకు?" అని వాచీ విప్పుకుని జేబులో వేసుకున్నాడు.

మరుసటి రోజు తానే జమ్మలమడుగు వచ్చాడు. మా బజారులోని అంగట్లో ఒక చైను పెట్టించి మళ్లీ నా చేతికే కట్టించాడు. "వెంట్రుకలు పీకుతాండాదా?" అని ఎంతో ఇదిగా అడిగాడు. కొంచెం పీకుతోందన్నాను. "అయితే వద్దు" అన్నాడు. రెగ్జిన్ బెల్టు చూపిస్తే, "నీకు శానా చెమట. దురద పెడతాది" అన్నాడు. నా చెమటకూ ఆయన బెల్టుకూ ముడేమిటో ఆ దేవుడికే తెలియాలి.

మూడోది పులివెందుల. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనకాల బస్సు ఈడ్చుకుంటూ పోయింది. దిగేసరికి ఇద్దరి తలలూ బూడిదగుమ్మళ్లే. అక్కడ మైమూన్ అనే ఆవిడ భర్త పోయాక ఆయన వాచీల అంగడి తానే నడుపుతోంది. మగవాళ్లది, ముదురు తేనెరంగు తోలు బెల్టు ఒకటి తీసింది. "పొడుగు సరిపోతాది. కొసలు రెండు పక్కలా కోసి కుట్టిస్తే ఆ సందులో కూర్చుంటాది మామా. వాచీ ఈడ పెట్టిపోండి" అంటూ నా మణికట్టుకు దారం చుట్టి కొలత కూడా తీసుకుంది.

"కోస్తే బెల్టు చెడిపోతాది. వద్దులేమ్మా" అని బావ లేచాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరూరా నాన్న వాచీని నా చేతికి కట్టి, నేను మురిసే లోపల విప్పుకుని పోవడం! పసిబిడ్డకు బెల్లం చూపించి దాచినా పాపం తగులుతుంది. తిరుగు బస్సులో ఆయన కారం దోసెల ముచ్చట చెబుతుంటే, నేను కిటికీ వైపు తిరిగి ఒక ఎత్తు వేసుకున్నాను. షష్టిపూర్తి అంటే మళ్లీ పెళ్లే. పెళ్లికొడుకును నేనే. ముల్లును ముల్లుతోనే తీయాలి. అలిగి పట్టుకుపోయిన వాచీని అలిగే రాబడతాను.

షష్టిపూర్తి రోజు జమ్మలమడుగు అమ్మవారిశాలలో తాళి కట్టడం అయ్యాక, భోజనాల వేళకు విడిది గదిలో మంచమెక్కి కూర్చున్నాను. బావమరుదులు పట్టుపంచె తెచ్చి బతిమాలితే వద్దన్నాను. మా ఆవిడ స్వర్ణలత తలుపు దగ్గరకొచ్చింది. "మనవరాండ్లు నవ్వుతాండారు. లేస్తారా లేదా?"

"లెయ్యను. మా బావను పిలువు. నాకు మా నాయన వాచీ కావల్ల!"

బావ వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి నా పక్కన కూర్చున్నాడు. "చెయ్యి ఇట్లియ్యి" అన్నాడు. అలవాటైపోయి కుడి చెయ్యి చాపాను. జేబులోంచి వాచీ తీసి కట్టాడు. తేనెరంగు బెల్టు. కొసలు రెండు పక్కలా కోసి కుట్టి ఉన్నాయి. బకిలీ సరిగ్గా నా మణికట్టుకు పట్టింది. ఒక్కడే మళ్లీ పులివెందుల పోయొచ్చాడన్నమాట.

నేను ఆ కుట్లను వేలితో తడిమి చూశాను.

"ఆపొద్దు మీ నాయన నా చెవిలో ఏం చెప్పినాడో తెలుసునా?" అన్నాడు. "'ఇది నా కొడుక్కని పెట్టుకున్న వాచీ నాయనా. వాని చెయ్యి ఇంకా సన్నం. లావయ్యే దాకా నువ్వు కట్టుకో' అన్నాడు."

ఇన్నేళ్లూ నాన్న నన్ను మరిచిపోయాడనే అనుకున్నాను. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే బావ మీద విరుచుకుపడ్డాను. "నా చెయ్యి లావై ఎన్నేండ్లాయె బావా!"

"నాకు మాత్రం ఆశ ఉండదా ఏంది?" అన్నాడు బావ, ఏమాత్రం సిగ్గుపడకుండా. "బెల్టు తెగినాక మాత్రం మీ నాయన మాటే గుర్తొస్తాండె. నా చేతికని ఇంకో బెల్టు కొనబుద్ధి కాలా."

ఆయన ఎడమ మణికట్టు మీద వాచీ ఉన్నంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. నేను చూస్తున్నానని గమనించి, పంచె కొంగు దాని మీదికి లాక్కున్నాడు. తర్వాత కాళ్లు రెండూ మంచం మీదికి తీసుకుని గోడకు జారగిలబడ్డాడు.

"ఇంగ నేను అలుగుతాండా. ఉత్త చేత్తో పంక్తికి రాను."

నా ఎడమ చేతి వాచీ విప్పి ఆయన చేతికి కట్టాను. చైను గలగలమంటూ మోచేతి దాకా జారింది.

"శానా లూజప్పా. చైన్లో రెండు లింకులు తీపియ్యల్ల. రేపు పొద్దున్నే ప్రొద్దుటూరికి రా, హుమాయున్ కాడికి పోదాం."

"మళ్లీ నా చెయ్యెందుకు?"

"నీ చెయ్యి వద్దులే. ఈసారి నా చేతికే కడతాడు. ఎదురుగా నిలబడి చూసేటోడు ఒకడు కావల్ల గదా!"

స్వర్ణలత తలుపు విరిగిపోయేలా కొట్టింది. అప్పటికి గానీ ఇద్దరం మంచం దిగలేదు.