ఒకే చాప మీద పోసిన విత్తనాలు

చర్ల దాటి అడవిలోకి పోయే ఆ ఊరికి వెళ్ళినప్పుడల్లా మా జీపు సగం దారిలోనే చేతులెత్తేసేది. మిగతాది నడకే. జైలు నుంచి ముందుగా విడుదలైనవాళ్ళు సొంత ఊళ్ళో కుదురుకుంటున్నారో లేదో చూడటం నా ఉద్యోగం. ప్రొబేషన్ ఆఫీసర్ అనడానికి నోరు తిరగక ఊరివాళ్ళు నాకు ‘జైలు మేడం’ అని పేరు ఖాయం చేశారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ పేరే బాగా నప్పిందని మా డ్రైవర్ అభిప్రాయం.

అక్కడ నేను చూడాల్సిన మనిషి, తాగిన మైకంలో చేను హద్దు దగ్గర గొడవపడి పక్కింటి కుర్రాణ్ణి గొడ్డలితో కొట్టి చంపినవాడు. జైల్లో బుద్ధిగా ఉన్నాడని వదిలారు. ఊళ్ళో మాత్రం ఎవరూ పలకరించేవారు కాదు.

ఆ కోయ ఊళ్ళో తొలకరికి ముందు విత్తనాల పండుగ చేస్తారు. ప్రతి ఇంటి నుంచీ వడ్లు తెచ్చి ఒకే చాప మీద పోస్తారు, మొక్కుతారు, కలిపేసి మళ్ళీ ఇంటింటికీ పంచుతారు. ఆ కుప్పలో కలవని ఇల్లు ఆ ఏడు విత్తకూడదు. అతను జైలుకు పోయిన నాటి నుంచీ ఆ ఇంటి విత్తనం కలవలేదు. అతని భార్య మిరప తోటల్లో కూలి చేసి పిల్లల్ని సాకింది. ఈసారీ కలవకపోతే ఊరొదిలి పోతామని ఆమె నాకు ముందే చెప్పింది.

పండుగ నాడు అతను చిన్న మూటతో వచ్చి చాపకు దూరంగా నిలబడ్డాడు. ఊరిపెద్ద అటు చూడనైనా లేదు. నాకు ఒళ్ళు మండింది. “జైలు అనుభవించి వచ్చాడు కదయ్యా, సర్కారే వదిలేసింది,” అన్నాను.

“సర్కారు ఇడిసింది మేడం. సర్కారు కొడుకేం సావలే గద,” అన్నాడాయన నెమ్మదిగా.

అందరి చూపులూ చనిపోయిన కుర్రాడి తల్లి వైపు తిరిగాయి. తన వడ్ల బుట్టతో ఆమె ఓ పక్కన కూర్చుని ఉంది. లేచింది. నేరుగా అతని దగ్గరికి వెళ్ళి, చేతిలోంచి మూట లాక్కుంది. విసిరికొడుతుందనుకున్నాను. ఆమె మూట విప్పి తన బుట్టలో పోసుకుంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. ఆ బుట్ట తెచ్చి చాప మీద బోర్లించింది.

“గిప్పుడు ఏరుండ్రి, ఎవలివి ఏవో,” అంది.

ఊరిపెద్ద వంగి కుప్పంతా కలిపేశాడు. అతను నేల మీద కూలబడి ఏడ్చాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో కోర్టులు చూశాను. ఏ తీర్పు ముందూ నాకు చేతులు జోడించాలనిపించలేదు. ఆ రోజు అనిపించింది.

పంపకం అయ్యాక ఆ తల్లి పక్కన కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగేశాను. “అతన్ని క్షమించావా అమ్మా?”

“లేదు బిడ్డా,” అంది, ఒడిలోని వడ్లు సర్దుకుంటూ. “వాని మొఖం సూడబుద్ధి గాదు. కానీ వాని పిల్లలు ఈ ఊర్ల తినాలె గద.”

“మరి నీ చేనులో కూడా అతని గింజలు మొలుస్తాయి కదా?”

“అవ్, మొలుస్తయి. గింజ తప్పేంది,” అంది. “కలుపు తీసేది నేనే.”