మా అత్తమ్మ వేసుకున్న పురుగుల మందు

బతికున్న మనిషి కోసం రెండు ఆటోల నిండా జనం ఏడ్చుకుంటూ రావడం మీరెప్పుడైనా చూశారా? గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందుకు వచ్చారు. నిజానికి ఏడ్చేవాళ్ళు ఒక ఆటోలోనే ఉన్నారు. రెండో ఆటోలో ఉన్నది నన్ను తన్నడానికి వచ్చినవాళ్ళు. ఇంత ఉపద్రవానికి కారణం నేను ఒక సైన్సు సంగతిని ఇంటి భాషలోకి మార్చి చెప్పడం. అలాంటి సేవ చేస్తే సన్మానం చేస్తారనుకునే వయసు నాది అప్పుడు.

ముందు నా స్వభావం చెప్పాలి. నేను ఓపెన్‌కాస్ట్ గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌ని. అనుమానం మా బాపు నాకిచ్చిన ఆస్తి. ఆయన భూగర్భ గనిలో పైకప్పును కర్రతో కొట్టి, ఆ చప్పుడు విన్నాకే దాని కిందికి అడుగు పెట్టేవాడు. ఆ అనుమానం ఆయన ప్రాణం కాపాడింది. నా దగ్గరికి వచ్చేసరికి అదే అనుమానం పుచ్చకాయల మీదికి, పాల ప్యాకెట్ల మీదికి మళ్ళింది. పుచ్చకాయ ఎర్రగా ఉంటే రంగు ఎక్కించారంటాను, తెల్లగా ఉంటే అంటగట్టారంటాను. కోడిగుడ్డును టార్చిలైటుకు అడ్డం పెట్టి చూస్తాను. పెళ్ళిచూపుల్లో తానిచ్చిన టీని వాసన చూసి తాగానని మా ఆవిడ స్వరూప ఇప్పటికీ వచ్చిన చుట్టానికల్లా చెబుతుంది.

అలాంటి నాకు ఒకనాడు కమ్యూనిటీ హాలు మీద ఒక బ్యానరు కనబడింది. 'సింథటిక్ బయాలజీ: ఆశలు, అనుమానాలు' అని. మొదటి మూడు మాటలూ నాకు పట్టలేదు గానీ, చివరి మాట చూడగానే పేరు పెట్టి పిలిచినట్టయింది. వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను. మిర్చి బజ్జీలు కూడా పెట్టారు, వాటినీ విరిచి లోపల చూసే తిన్నాను.

మాట్లాడింది ఒక కాలేజీ మేడం. జీవకణం లోపల ఒక రాత ఉంటుందట. ఆ రాతను మనకు కావలసినట్టు మార్చి, సూక్ష్మజీవుల చేత మనకు కావలసిన పని చేయించుకోవచ్చట. రేపెప్పుడైనా గని నీళ్ళలోని లోహాలను అవి ఏరివేయవచ్చట, గని తవ్వి పోసిన మన మట్టి గుట్టల మీద పచ్చదనం మొలిపించవచ్చట. ఆ 'వచ్చట'లన్నీ విని నాకు ఒళ్ళు జివ్వుమంది. మా దగ్గర గనిని బాయి అంటాం. లేచి నిలబడి అడిగేశాను.

“మేడం, రేపు బొగ్గు తినే పురుగును జేసి బాయిల ఇడిసిపెడితే, మా డ్యూటీలు ఏం గావాలె?”

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి.

మేడం నవ్వింది. “గట్ల ఎవరూ వదుల్తలేరన్నా. కాని మీ ప్రశ్న మంచిదే. ఏదన్నా బయటికి వదిలే ముందు ఎవరు పరీక్ష చేసిన్రు, ఎవరు అనుమతి ఇచ్చిన్రు, నష్టమైతే ఎవరు జవాబు చెప్తరు అని అడగాలె. ప్రమాదం అస్సలే లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. షుగరోళ్లు వేసుకునే ఇన్సులిన్ గూడ గిట్ల చేసిందే గాని, దాని సంగతి వేరు. దాన్ని చేసే సూక్ష్మజీవులు మూసిన ట్యాంకులల్లనే ఉంటయి. మందును శుద్ధి చేసి ఇస్తరు. ఏండ్ల నుంచి జనం వాడుతున్నరు.”

ఎంత చక్కగా చెప్పిందో చూశారా? మీకు మొత్తం వినబడింది కదా? నాకు మాత్రం మూడే ముక్కలు వినబడ్డాయి. ఒకటి 'నమ్మొద్దు', రెండోది 'ఇన్సులిన్', మూడోది 'ట్యాంకులల్ల సూక్ష్మజీవులు'. మిగతాదంతా నా పక్కన కూర్చున్నాయన బజ్జీ నములుతున్న చప్పుడులో కొట్టుకుపోయింది.

ఇన్సులిన్ మాట వినగానే నేనెందుకు ఉలిక్కిపడ్డానంటే, మా ఇంట్లో అది ఉంది. మా అత్తమ్మ కనకవ్వది. ఆమెది కమాన్‌పూర్, పత్తి చేలో పని చేసి చేసి ముదిరిన చెయ్యి. షుగరు బాగా పెరిగితే కూతురు దగ్గరుండి సూదులు వేస్తుందని మా ఇంటికి తెచ్చుకున్నాం. సరిగ్గా ఆ రోజుల్లోనే స్వరూప తన అక్క కాన్పుకని నస్పూర్ పోయింది. పోతూ పోతూ, “అవ్వ పానం నీ చేతిల పెట్టి పోతున్న, సూది మర్వకు” అని నాకు చెప్పి పోయింది. మరిచిపోలేదండీ. మరిచిపోయి ఉంటే ఇంత తప్పు జరిగేది కాదేమో.

హాలు నుంచి తిన్నగా వచ్చి ఫ్రిజ్ తెరిచాను. పచ్చిమిరపకాయల పక్కన అమాయకంగా నిలబడి ఉంది సీసా. దాని మీది చీమ తలకాయంత అక్షరాలను ఫోనుతో ఫొటో తీసి, పెద్దవి చేసి చదివాను. మేడం చెప్పిందే ఉంది. సీసా పట్టుకుని అత్తమ్మ మంచం దగ్గరికి పోయాను.

“అత్తమ్మా, నువ్వు రోజు ఏసుకునే సూదిమందు ఎవరు జేస్తరో ఎర్కేనా?”

“ఎవరో ఫ్యాక్టరోళ్లు జేస్తరు.”

“ఫ్యాక్టరీల ఎవరు జేస్తరు?”

“మనుషులే గద అల్లుడా, ఇంకెవరు?”

“కాదు. పురుగులు.”

“పురుగులా!”

“కంటికి కానరాని పురుగులు. వాటి రాత మార్చి, ట్యాంకులల్ల పెంచి, వాటితోని చేపిస్తరు.”

అత్తమ్మ లేచి కూర్చుంది. “అంటే గిది పురుగుల మందా?”

నేను ఇక్కడ ఆగాలి. పురుగులు చేసిన మందు వేరు, పురుగులను చంపే మందు వేరు అని చెప్పాలి. కానీ హాలులో చప్పట్లు కొట్టించుకుని వచ్చిన మేధావిని, చిన్న చిన్న తేడాలు నాకెందుకు?

“అదే అనుకో” అన్నాను.

అత్తమ్మ ముఖం పాలిపోయింది. పత్తికి పురుగుల మందు కొట్టీ కొట్టీ కళ్ళు మండిన మనిషి ఆమె. ఆ డబ్బాను ఇంటి గడప తొక్కనిచ్చేది కాదు, పశువుల కొట్టం చూరులోనే దాచేది. “అందుకేనా, సూది ఏసినప్పుడల్లా గదో తీరు వాసనొస్తది!” అంది. నేను మూత దగ్గర వాసన చూశాను. నిజమే, ఫినాయిల్ లాంటి వాసన! మందు చెడిపోకుండా కలిపేదాని వాసన అదని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాత్రం దొంగ దొరికినంత సంబరపడ్డాను.

“నాకిగ ఆ సూది వద్దు అల్లుడా.”

“వద్దంటే వద్దు. మెంతులున్నయి, కాకరకాయలున్నయి, నేరేడు గింజలున్నయి. నువ్వేం ఫికర్ చెయ్యకు.”

స్వరూప రోజూ ఫోను చేసేది. “అవ్వకు సూది ఏసినవా?” అని అడిగేది. “అంతా నేను చూసుకుంటున్న గద” అనేవాణ్ణి. ఇందులో అబద్ధం ఎక్కడుందో మీరే వెతకండి. నేనైతే వెతకలేదు, దొరుకుతుందని భయం.

రోజులు గడిచాయి. అత్తమ్మ చెంబులకు చెంబులు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. బాత్‌రూముకు తిరగడమే పనైంది. “చూసినవా అత్తమ్మా, లోపలి విషమంతా బయటికి పోతుంది” అని నేను మురిసిపోయాను. ఆమె మాత్రం గోడ పట్టుకుని నడుస్తోంది. కాకరకాయ రసం ఇంకో అర గ్లాసు పెంచాను.

ఇక ఆ రోజు సంగతి. నేను మొదటి షిఫ్టు డ్యూటీకి పోయాను. ఇంట్లో ఒంటరిగా ఉన్న అత్తమ్మకు కొడుకు మీదికి మనసు మళ్ళి, కమాన్‌పూర్‌లో ఉన్న మా బామ్మర్ది ఓదెలుకు ఫోను చేసింది. “ఇన్ని దినాలు నేను పురుగుల మందే ఏసుకున్న కొడుకా, మీ బావ చెప్పేదాక నాకు ఎర్కలేకపాయె” అని ఆమె అన్నది. అటువైపు టవరు సరిగా లేదు. ఓదెలుకు వినబడింది ఇంతే: “పురుగుల మందు... ఏసుకున్న కొడుకా... మీ బావ...” అప్పుడే అత్తమ్మకు కళ్ళు తిరిగి ఫోను చేతిలోంచి జారిపోయింది.

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తరు. వాడు మా పక్క క్వార్టర్ విమలక్కకు ఫోను చేశాడు. విమలక్క కిటికీలోంచి చూసి ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు కాలనీ అంతా మా ఇంట్లోకి వచ్చింది.

నాకు కబురు అందింది వర్క్‌షాపులో. “మీ అత్త పురుగుల మందు తాగిందటనే, జల్ది పో!” అన్నారు. బండి ఎలా నడిపానో నాకు తెలియదు. ఇంట్లో అడుగు పెట్టేసరికి విమలక్క సబ్బు నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది, అత్తమ్మ ఉన్న కాస్త బలంతో ఆ గ్లాసును తోసేస్తోంది.

“కక్కు పెద్దవ్వా, కక్కితె బతుకుతవ్!”

“నేనేం తాగలే!”

“మరి మీ కొడుకు చెప్పిండు గద!”

“తాగలే అంటున్న గద, సూది ఏసుకున్న!”

“అయ్యో అయ్యో! సూదితోని నరాలకే ఎక్కించుకున్నదటనే!”

వాకిట్లో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. సరిగ్గా అప్పుడే ఆటోలు వచ్చాయి. ఓదెలు దిగుతూనే నా గల్లా పట్టుకున్నాడు.

“ఏం బాధ పెట్టినవ్ బావా మా అవ్వను? మాకొక్క మాట చెప్తె మేం తీస్కపోకపోదుమా?”

“ఓదెలూ, ఇను. అది ఆ పురుగుల మందు కాదు. ఇది వేరే పురుగుల మందు!”

“ఎన్ని తీర్ల పురుగుల మందులు వెట్టినవ్ ఇంట్ల?” అని వాడు ఇంకో చెయ్యి కూడా గల్లా మీద వేశాడు.

అదే ఆటోలో అత్తమ్మను దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు, “ఏం మందు? డబ్బా తెచ్చిన్రా?” అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. బయలుదేరేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి జేబులో వేసుకున్న సీసాను నేను ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇది ఇన్సులిన్” అన్నాడు.

“అదే సార్” అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, అత్తమ్మ వేలికి సూది గుచ్చి రక్తపు చుక్కను షుగరు మిషన్‌లో పెట్టాడు. ఓదెలు తొంగి చూశాడు. మిషన్ మీద అంకె రాలేదు, రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. వాడి ముఖం వెలిగింది.

“హాయ్ అంటుంది సార్! అంటే మంచిగున్నట్టే గద?”

“అది హాయ్ కాదు నాయినా. కొలవలేనంత ఎక్కువ ఉందని అర్థం” అన్నాడు డాక్టరు. గబగబా సెలైను పెట్టించి, నా వైపు తిరిగాడు. “ఇన్సులిన్ ఎవరు బంద్ చేపిచ్చిన్రు? ఇంకొక్క దినం ఆగితె కోమాల పోతుండె మనిషి.”

అంతవరకూ నేను దీన్ని వట్టి గందరగోళమే అనుకున్నాను. అత్తమ్మ నిజంగానే చావుకు దగ్గరగా వెళ్ళిందని, అక్కడిదాకా నడిపించింది నేనేనని అప్పుడు అర్థమైంది. దవాఖాన గోడ పక్కన నిలబడి చెప్పలేనంత సిగ్గుపడ్డాను. నస్పూర్ నుంచి వచ్చిన స్వరూప నన్ను తిట్టను కూడా లేదు. “నీ చేతిల పెట్టి పోయిన” అని మాత్రం అని, తల్లి దగ్గర కూర్చుంది. దానికంటే ఓదెలు ఇంకోసారి గల్లా పట్టుకుంటే బాగుండు అనిపించింది.

అత్తమ్మ తేరుకున్నాక డాక్టరును అడిగింది. “సారూ, ఆ సూదిమందుల పురుగులుంటయా?”

“ఉండయి అవ్వా. అవి చేసి పెట్టినంక, శుద్ధి చేసి మందు ఒక్కటే సీసల పోస్తరు. తేనె నాకుతవ్ గద, తేనెటీగను మింగుతవా?”

“మరి మా అల్లుడు పురుగుల మందన్నడు.”

డాక్టరు నా వైపు చూశాడు. ఆ పరిస్థితిలో మీరైతే నోరు మూసుకునేవారు. నేనూ మూసుకునేవాణ్ణే, కానీ నాలుక ఊరుకోలేదు. “కాని సార్, ఆ పురుగులు ట్యాంకులకెల్లి తప్పించుకుంటె?”

“ముందుగాల నువ్వు ఈడికెల్లి తప్పించుకో. మీ బామ్మర్ది దర్వాజ కాడ నిలబడ్డడు.”

ఇంత జరిగినా నా అనుమానం చచ్చిందనుకోకండి. రాత మార్చిన జీవుల్ని రేపు మా మట్టి గుట్టల మీద వదులుతామని ఎవరైనా వస్తే, నేను మళ్ళీ ముందు వరుసలోనే కూర్చుంటాను. ఎవరు పరీక్షించారు, మమ్మల్ని ఎవరు అడిగారు, లాభం ఎవరికి, తేడా వస్తే ఎవరు నిలబడతారు అని గొంతు పోయేదాకా అడుగుతాను. అవి అడగాల్సిన మాటలే. కాకపోతే మైకు పట్టుకున్న మనిషిని అడగాల్సినవాటిని తీసుకెళ్ళి, సూది మీద బతుకుతున్న మనిషి మంచం దగ్గర అడిగాను చూడండి, అదీ నా తెలివి.

ఇంటికి తీసుకొచ్చే రోజు, అందరి ముందూ నేను అత్తమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాను. గొంతు సవరించుకుని, కోర్టులో సాక్షిలా గంభీరంగా మొదలుపెట్టాను.

“అత్తమ్మా, నీ మీద ఒట్టు. ఇగ నా జన్మల ఎవరి మందు జోలికీ పోను. ఎవరి సీస మీద అక్షరాలు సదవ. డాక్టరు ఏమంటె గదే. నాకు ఎర్కున్నది చెప్ప, ఎర్కలేనిది అసలే చెప్ప...”

అత్తమ్మ కళ్ళు పైకెత్తి, తన నెత్తి మీద ఉన్న నా అరచేతిని అనుమానంగా చూసింది.

“అల్లుడా, చెయ్యి కడిగినవా? కంటికి కానరాని పురుగులుంటయట గద.”

లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, ఒట్టు మళ్ళీ మొదటి నుంచి వేశాను.