రామకృష్ణప్ప చెంబు

రామకృష్ణప్ప చెంబును అడగనిదే ఏ పనీ చేసేవాడు కాదు. తళి దగ్గరి ఒక చిన్న బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పే ఆ మనిషికి దేవుడు మెదడు ఇచ్చాడు, కన్నతల్లి ఇత్తడి చెంబు ఇచ్చింది. ఆయన రెండోదాన్నే ఎక్కువగా వాడాడు. చెంబును సంప్రదించకుండా ఆయన చేసిన పెద్ద పని ఒక్కటే, కిందటి వేసవిలో కన్ను మూయడం.

చెంబులో ఇనుప వాషర్లు ఉండేవి. హోసూరులో ఇంజనీరింగు కంపెనీలో పనిచేసే తమ్ముడు వాటి మీద అంకెలు కొట్టి ఇచ్చాడు. తరగతిలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, ఒక్కో నంబరుకు ఒక వాషరు. సారు చెంబును చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడిస్తాడు, కళ్ళు మూసుకుని చెయ్యి పెడతాడు, ఒకటి తీస్తాడు. ఎవరి నంబరు వస్తే వాళ్ళు నల్లబల్ల దగ్గరికి పోయి లెక్క చెయ్యాలి. దీన్ని ఆయన సంభావ్యత అనేవాడు. ప్రధానోపాధ్యాయురాలు వెంకటలక్ష్మమ్మ తలనొప్పి అనేది. ఆమె గదికీ ఆరో తరగతికీ మధ్య ఒక్క గోడే అడ్డం.

ఆ గలగల తరగతితో ఆగి ఉంటే ఆమె ఓర్చుకునేదే. మీటింగుకని ఇద్దరూ హోసూరు బయల్దేరితే, బస్సా షేర్ ఆటోనా అని దానికీ చెంబే. సరిసంఖ్య వస్తే బస్సు, బేసి వస్తే ఆటో. ఆయన కళ్ళు తెరిచేలోపల రెండూ వెళ్ళిపోయేవి.

"పోనీ, ఇంగ నడిచి పోదామా సార్?" అంది ఒకసారి వెంకటలక్ష్మమ్మ.

"అదీ ఒక మాట అడిగి చూస్తాను మేడం," అని ఆయన మళ్ళీ చెంబులో చెయ్యి పెట్టాడు.

ఆమె ఉండబట్టలేక ఆయన భార్య నాగక్కను అడిగింది. "పెండ్లిచూపులకు గూడా చెంబు తెచ్చినాడా అమ్మా?"

"తెచ్చినాడు మేడం. నీళ్ళకేమో అనుకొని మా నాయన నిండుగా పోసిచ్చినాడు. మొగమాటానికి అంతా తాగేసినాడు. ఇంగ నన్ను యెట్ల ఒప్పుకొన్నాడో నేనూ అడగలేదు, మీరూ అడగొద్దండి."

పాఠం చెప్పడంలో మాత్రం ఆయనకు వంక పెట్టడం కష్టం. వెంకటలక్ష్మమ్మ చాలా ప్రయత్నించింది. ఇరవై అయిదులో రెండు ఇరవై యెట్ల అయిందని చంద్రు అనే పిల్లవాడు అడిగితే, ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

"మీ తోటలో టమాటకు ఎవరన్నా మర్యాద ఇస్తారా?"

"లేదు సార్. తొక్కుకొంటా పోతారు."

"అదే టమాట బెంగుళూరు పోతే?"

"అద్దాల అంగట్లో పెట్టి దీపం వేస్తారు సార్."

"టమాట మారిందా?"

"లేదు. అది కూర్చున్న చోటు మారింది."

"అంకె గూడా అంతేనప్పా."

భిన్నాలకు నాగక్క చేసిన తియ్యటి ఒబ్బట్లు వచ్చేవి. నాలుగింట ఒక పాలు కావాలా, ఎనిమిదింట ఒక పాలు కావాలా అంటే, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా అని చంద్రు ఎగబడ్డాడు. చేతిలో పడిన ముక్కను చూసి ఏడుపు మొహం పెట్టాడు. ఒబ్బట్టు పోయింది గానీ, భిన్నం ఒంటబట్టింది.

ఇలాంటి తరగతిలోకి భువన వచ్చింది. అంతకు ముందు చదివిన బడిలో నల్లబల్ల ముందు నిలబెడితే గొంతు పెగల్లేదు, పిల్లలు నవ్వారు, ఆ పిల్ల బడి మానేసింది. తల్లి రంజిత రోజాలు పెంచే పూల షెడ్డులో కూలి. చేర్పించేటప్పుడే చెప్పేసింది.

"ఇంగొక తూరి నా బిడ్డ అట్ల నగుబాటు అయితే, నాతో షెడ్డుకు తోడుకొని పోతాను మేడం. ఆడ రోజాలు ప్రశ్నలు అడగవు."

వెంకటలక్ష్మమ్మ నేరుగా రామకృష్ణప్ప దగ్గరికి పోయింది. "ఆ పిల్లను కొన్నాళ్ళు పిలవద్దండి సార్."

"చెంబుకు అందరూ ఒకటే మేడం. ఒకరిని వదిలితే అది సంభావ్యత కాదు, సిఫారసు."

"మీ చెంబుకు మనసు లేదా?"

"ఇత్తడి మేడం."

ఆ రోజు నుంచి గోడ అవతల గలగలమన్నప్పుడల్లా ఆమె పెన్ను ఆగిపోయేది. ఏ నంబరు పిలుస్తాడో, ఏ క్షణాన నవ్వులు వినిపిస్తాయో, ఏ సాయంత్రం రంజిత వచ్చి పిల్లను లాక్కుపోతుందో అని చెవి గోడకు ఆనించేది. దసరా పోయింది, దీపావళి పోయింది, భువన నంబరు రాలేదు. ఈ మేలు ఏ దేవుడు చేస్తున్నాడో తెలియక ఆమె అందరికీ కొంచెం కొంచెం దండం పెట్టింది.

ఒక రోజు గోకుల్, చైత్ర ఆమె గది గుమ్మంలో నిలబడ్డారు.

"మేడం, ఒక కంప్లైంటు," అన్నాడు గోకుల్.

"ఎవరి మీద?"

"చెంబు మీద. మేము పదిహేడు మందిమి ఉండాము. నా నంబరు వస్తానే ఉండాది. చైత్రది వస్తానే ఉండాది. భువనది ఒక్క తూరి గూడా రాలేదు."

"ఆ పిల్ల అదృష్టం లేరా."

"అదృష్టానికి గూడా లెక్క ఉంటాదని సారే చెప్పినాడు మేడం," అంది చైత్ర. "ఇన్నాళ్ళు రాలేదంటే అది రాకపోవడం కాదు. లోపల లేదు."

వెంకటలక్ష్మమ్మ తరగతిలోకి పోయి చెంబును బల్ల మీద బోర్లించింది. పిల్లలు వాషర్లను వరుసగా పేర్చారు. పన్నెండు పక్కన పద్నాలుగు కూర్చుంది.

"పదమూడు యాడ సార్?"

"పడిపోయిండాది మేడం."

"యాడ పడింది?"

రామకృష్ణప్ప పైకప్పు కేసి చూశాడు.

"జోబులో."

ఇన్నాళ్ళూ ఆయన్ను ఇత్తడి మనిషని తిట్టుకున్న వెంకటలక్ష్మమ్మకు ఆ సమయానికి ఒక్క తిట్టూ గుర్తు రాలేదు. గోకుల్‌కు మాత్రం మాట తడబడలేదు.

"పదిహేడింట ఒకటి అనుకొని కూర్చున్నాము సార్. ఇన్నాళ్ళూ పదహారింట ఒకటి. మాకు అన్యాయం."

"ఒప్పుకొంటానప్పా."

అప్పుడు తరగతి మొత్తం భువన వైపు తిరిగింది. ఏది జరగకూడదని వెంకటలక్ష్మమ్మ గోడకు చెవి ఆనించిందో అది ఆమె చేతుల మీదుగానే జరిగింది. రంజిత మాట, పూల షెడ్డు, రోజాలు అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళ ముందు తిరిగాయి.

భువన లేచింది. తలుపు వైపు పోతుందేమోనని వెంకటలక్ష్మమ్మ అడ్డంగా జరిగింది. ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చి సారు ముందు చెయ్యి చాపింది.

రామకృష్ణప్ప జోబులోంచి వాషరు తీశాడు గానీ ఇవ్వలేదు. "ఇంగ కొన్నాళ్ళు నా దగ్గర ఉండనీలేమ్మా."

భువన దాన్ని ఆయన వేళ్ళ మధ్య నుంచి లాక్కుంది. మిగిలిన వాషర్లు చెంబులో పోసి, తనది కూడా వేసింది.

"ప... పదిహేడింట ఒకటి," అంది. మధ్యలో గొంతు రెండుసార్లు పట్టేసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి తీరిక లేదు, భిన్నం సరిగా ఉందో లేదోనని అందరూ గోకుల్ మొహం చూస్తున్నారు.

"ఇప్పుడు సరిపోయింది సార్," అన్నాడు గోకుల్. "కలపండి."

రామకృష్ణప్ప చెంబును చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు గలగలలాడించాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి పెట్టాడు. ఏడో నంబరు వచ్చింది. గోకుల్ గొణుక్కుంటూ సుద్దముక్క అందుకున్నాడు.

భువన మొహం చిన్నబోయింది. తన నంబరు రాలేదని.