నా అరుపు, ఆ అమ్మాయి చెయ్యి

ఎల్లారెడ్డిలో ఒక బడి పిల్లలకు చాలా ఏళ్లుగా వాలీబాల్ నేర్పుతున్నాను. నా అరుపు బస్టాండు దాకా వినిపిస్తుందని పిల్లలు అంటుంటారు. అది పొగడ్తే అనుకునేవాణ్ణి.

ఆ ఏడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె జట్టులో ఉండేది. సర్వీసు కొడితే చాలు, బంతి నెట్టుకు తగిలి కింద పడేది. వారం రోజుల్లో కామారెడ్డిలో జిల్లా జట్టు ఎంపిక. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఆమె కంటే నాకే ఎక్కువ భయంగా ఉండేది. భయం వేస్తే నేను అరుస్తాను. ఏం చేయను, నా బుద్ధి అది!

అప్పుడే కామారెడ్డి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఆట నేర్చుకునేటప్పుడు కండరాల్లో పుట్టే సన్నటి కరెంటును కొలవడం ఆమె పని. మా పిల్ల మోచేతికి పైన ముందొకటి, వెనకొకటి బిళ్లలు అంటించి, ల్యాప్‌టాప్ మీద రెండు గీతలు చూపించింది. చెయ్యి చాచేటప్పుడు వెనక కండరం బిగియాలి, ముందుది వదలాలి. పని అలవాటైనకొద్దీ ముందు కండరం గీత చదునవుతుందట. ఈ పిల్లకు రెండూ ఒకేసారి లేస్తున్నాయి. బ్రేకు తొక్కిపట్టి బండిని ఉరికించినట్టు.

"ఏందే గిది! చెయ్యి వదులంటే బిగవట్టుకుంటవేంది? కొట్టు గట్టిగ!" అని అరిచాను. బంతి మళ్లీ నెట్టులోకే పోయింది.

"సార్, ఏమనుకోవద్దు," అంది పరిశోధక విద్యార్థిని మెల్లగా. "గిప్పుడు పది సర్వీసులు అయ్యేదాక మీరేం మాట్లాడకుండ ఉంటరా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. నా మైదానంలో నన్నే నోరు మూసుకొమ్మంటుందా! అయినా పళ్లు బిగబట్టి నిలబడ్డాను. మొదటి రెండూ నెట్టులోకే పోయాయి. తర్వాత ఒక్కొక్కటే నెట్టు దాటసాగాయి. ఎనిమిదోది అవతలి మూలన పడింది. ఇక ఉండబట్టలేక, "శభాష్ బిడ్డా!" అన్నాను.

పొగడ్తే, తిట్టు కాదు. అమ్మాయి ఇంకా తొమ్మిదో బంతి ఎత్తనే లేదు, తెర మీద ముందు కండరం గీత తాటిచెట్టంత లేచింది.

"మిషిన్ ఖరాబైనట్టుంది," అన్నాను. అమ్మాయి తల దించుకొని బంతికంటిన మట్టి తుడుస్తోంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఎంపిక రోజు ఆమెను కామారెడ్డి మైదానం గేటు దాకా తీసుకుపోయి, "లోపలికి నేను రాను బిడ్డా, నువ్వు పో," అన్నాను.

"నిజంగనా సార్?" అంది. ఆ గొంతులో సంతోషం దాగలేదు.

గంటన్నర సేపు రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. లోపల ఈల మోగినప్పుడల్లా కాళ్లు గేటువైపు లాగేవి. 'కొట్టు' అనే మాట గొంతు దాకా వచ్చేది, మింగేసేవాణ్ణి.

చివరికి ఆమె తోటి పిల్లలతో కలిసి పడీపడీ నవ్వుతూ బయటికి వచ్చింది. ఇన్నేళ్లలో మా బడిలో ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. గేటు పక్కన నేను కనబడ్డాను. టక్కున నవ్వు ఆపేసి, నిటారుగా నిలబడి, "నా పేరొచ్చింది సార్," అంది.