అమ్మ కోసం పెట్టిన స్పీకరు

మా అమ్మ పేరు అమ్మణి. ఫిజీలో లాబాసా దగ్గర టాబియాలో చెరుకు పండించే ఇంట్లో పుట్టి, పక్క చేను వాళ్లింటికే కోడలయింది. బడి మొహం చూడలేదు. ఆమెకున్న చదువంతా మా తాత చెప్పిన హరికథలే. గిర్మిట్ మీద, అంటే చెరుకు తోటల కూలీ ఒప్పందం మీద, ఓడెక్కి వచ్చిన తాత, సాయంత్రం యంగోనా వేరు పిండిన మత్తునీళ్ల గిన్నె చుట్టూ నలుగురూ చేరాక గొంతెత్తేవాడు. అమ్మ వంటింటి గుమ్మంలో రొట్టెలు వత్తుతూ వినేది. అలా వినీ వినీ కథలకు కథలే నోటికి వచ్చేశాయి ఆమెకు.

నేను మా దక్షిణాదివాళ్ల సంఘం నడిపే బడిలో తెలుగు చదువుకుని, లౌటోకాలో తెలుగు మాస్టర్నయ్యాను. ముప్పై ఏళ్లు ఊరందరి పిల్లల చేతా 'ళ' పలికించాను, పలకనివాడి చెవి మెలిపెట్టాను. ఇంట్లో మాత్రం మా ఆవిడ కుసుమ్‌తోనూ పిల్లలతోనూ హిందీయే. నాన్న పోయి, చేను లీజు కూడా అయిపోయాక అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఆమెతోనూ హిందీలోనే కానిచ్చాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నా తెలుగు అంతా బయటివాళ్లకే ఖర్చయింది.

అప్పటికే అమ్మకు రెండు చెవులూ మందగించాయి. మా ఇంట్లో రెండు పెట్టెల పాత స్టీరియో ఉండేది. హరికథ క్యాసెట్ వేసుకుని, ఒక పెట్టెకు చెవి ఆనించి కూర్చునేది. కథకుడు నోరు తెరవకముందే తరువాతి మాట తాను అనేసేది. "వాడు ఏం చెప్తాడో నాకు ఎరుకే నాయనా" అని నవ్వేది. నన్ను ఎప్పుడూ నాయనా అనే పిలిచేది. ఏటా సంఘం పండగలో తెలుగు మంగళహారతి ఆమే పాడేది. ఆ పాట మొత్తం వచ్చినవాళ్లు మా వైపు ఇంకెవరూ మిగల్లేదు.

రెండు వేల ఆరులో నేను రిటైరయ్యాను. పాత స్టీరియో గురగురలాడుతోంది, కొత్తది కొనాలి. నా బావమరిది ధర్మేంద్ర ఇంట్లో అయిదు స్పీకర్లూ, ఒక గుమ్మడికాయంత బేస్ పెట్టె ఉన్నాయి. వెళ్లినప్పుడల్లా సోఫా మధ్యలో కూర్చోబెట్టి వినిపించేవాడు. నాకు అసూయగా ఉండేది. ఆ మాట అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కొట్లో అమ్మేవాడు విజేంద్ర, నా పాత శిష్యుడే. "మాస్టర్‌జీ, మీరు వినేది గానా, హరికథే కదా. రెండు మంచి స్పీకర్లు తీసుకోండి. అయిదు అంటే ఫిలిం చూసేవాళ్లకి," అన్నాడు. రెండింటినీ వినిపించాడు కూడా. నిజం చెప్పాలంటే రెండు స్పీకర్లలోనే గొంతు నిండుగా ఉంది. కానీ నా మనసులో ధర్మేంద్ర సోఫా ఉంది. పైకి మాత్రం అమ్మను అడ్డు పెట్టుకున్నాను. "అమ్మకి చెవులు మందం. వంటింటి తలుపు దగ్గర కూర్చుంటుంది. వెనక స్పీకర్ ఒకటి ఆమె పక్కనే పెడతా," అన్నాను.

"కానీ మాస్టర్‌జీ, వెనక వాటిలో..." అని వాడు ఏదో చెప్పబోయాడు. గుడ్డు వచ్చి పిల్లను వెక్కిరించినట్టు నాకే పాఠమా అనిపించింది. క్లాసులో ఎత్తినట్టే వేలెత్తాను. వాడు నోరు మూసుకుని రసీదు రాశాడు.

అయిదూ వచ్చాయి. వెనక స్పీకర్ ఒకటి అమ్మ చాప పక్కన గోడకు, ఆమె చెవి ఎత్తులో బిగించాను. ముందువి గదికి అటు చివర టీవీ పక్కన. మా పండితుడు ఆంధ్రా నుంచి తెచ్చిన హరికథ డీవీడీ పెట్టాను. జనం నిండిన సభలో తీసినది.

"కైసన్ అమ్మా?" అని హిందీలోనే అడిగాను, ఎలా ఉందని.

అమ్మ కాసేపు విని, "బాగుంది నాయనా," అంది.

పాత స్టీరియో గుడి వంటశాలకు ఇచ్చేశాను. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ గోడ దగ్గరికే తీసుకెళ్లేవాణ్ణి. "ఇది అమ్మకోసం సెపరేటుగా," అనేవాణ్ణి. వాళ్లు మెచ్చుకునేవాళ్లు. అమ్మ చాప మీద కందికాయలు వలుస్తూ తల ఊపేది.

ఆ ఏడాదిలో అమ్మ కథకుడి కంటే ముందు మాట అనడం మానేసింది. నేను గమనించలేదు. నాయనా అనడం మానేసి బేటా అనడం మొదలుపెట్టింది. అదీ గమనించలేదు. సంఘం పండగ వచ్చినప్పుడు హారతి పాడమని ఆడవాళ్లు అడిగితే, "అబ్ నై ఆవే," అంది. ఇక రాదంది. వయసు అనుకున్నాం అందరం.

అంతటితో ఆగానా. ఆ పండగలోనే మైకు పట్టుకుని ఫిజీలో తెలుగు గురించి ఉపన్యాసం ఇచ్చాను. "చివరికి మా అమ్మ నోట్లోంచే తెలుగు పోయింది," అని గొంతు వణికించాను. సభంతా చప్పట్లు కొట్టింది. అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమెకు నా మాట వినపడకపోయినా, అందరూ తనవైపు చూడటం కనపడి ఉంటుంది. చీర కొంగు సర్దుకుంది.

తరువాతి వారం కుసుమ్ అమ్మను క్లినిక్‌కి తీసుకెళ్లింది. వలవాల్సిన కందికాయలు బుట్టలో మిగిలి ఉన్నాయి. డీవీడీ పెట్టి, అమ్మ చాప మీద కూర్చుని వలవడం మొదలుపెట్టాను. ఇంతలో వాన అందుకుంది. రేకుల కప్పు మీద పడే మన వాన సంగతి తెలిసిందే, పక్కవాడు అరిచినా వినపడదు. గదికి అటు చివర టీవీలో కథకుడి నోరు ఆడుతోంది, మాట నాదాకా రావడంలేదు. నా చెవి పక్కనున్న స్పీకర్ మాత్రం స్పష్టంగా పలుకుతోంది. చప్పట్లు. జనం హో అనడం. మళ్లీ చప్పట్లు. మధ్యలో నూతిలోంచి వచ్చినట్టు గొంతు మారుమోగుతోంది కానీ, అందులో ఒక్క మాటా లేదు. చెవి ఆనించాను. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

విజేంద్ర కొట్లో చెప్పబోయింది ఇదే, వెనక వాటిలో సభ చప్పుడే తప్ప మాట రాదని. ఏడాది పాటు మా అమ్మకు నేను వినిపించింది చప్పట్లు.

అమ్మ వచ్చేసరికి నేనింకా చాప మీదే ఉన్నాను. వాన వెలిసింది. ఆమె చెవి దగ్గరికి వంగి, ఎన్నో ఏళ్ల తరువాత తెలుగులో అడిగాను. "అమ్మా, ఇందులో మాట వినపడదు. నాకెందుకు చెప్పలేదు?"

"మాట వస్తది, నాకు తెలవదు అంతే," అంది. "నీవు మంచిది తెచ్చినావు, అందరికీ చెప్పినావు కదా. నాకే తెలుగు పోయింది అనుకున్నా."

"ఎవరికైనా చెప్పొచ్చు కదా."

"ఎవరికి చెప్పేది? తెలుగు మాస్టర్ అమ్మకి తెలుగు రాదు అంటే నీకు సిగ్గు కదా. నాకూ సిగ్గే."

నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్లి వెనకవీ, మధ్యదీ ఆపేసి, ముందువి రెండూ పీక్కొచ్చి ఆమెకు అటూ ఇటూ పెట్టాను. రిమోట్‌లో స్టీరియో అని నొక్కాను. కథకుడు నోరు విప్పాడు. అమ్మ చేతిలో కందికాయ అలాగే ఉండిపోయింది. రెండు నిమిషాలు విని, మూడో చరణం అతనికంటే ముందు తానే అందుకుంది. అయిపోయాక, "పోలేదు నాయనా," అంది.

మరుసటి ఏడు పండగలో అమ్మ హారతి పాడింది, ఒక్క మాట తప్పకుండా. అందరూ నా చుట్టూ చేరారు. ధర్మేంద్ర నా భుజం తట్టి, "మంచి మిషన్ కొన్నారు బావా. అమ్మ పక్కనే స్పీకర్ పెట్టారు కాబట్టే తెలుగు వాపస్ వచ్చింది," అన్నాడు. మైకు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నిరుడు అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

అమ్మ హారతి పళ్లెం పట్టుకుని నావైపే వస్తోంది.

"అవును," అన్నాను ధర్మేంద్రతో.