శ్రావణ శుక్రవారం నాడు ఫ్రిజ్ సర్దినవాడు

ముందే ఒప్పేసుకుంటాను: నాలాంటి మూర్ఖుడు నార్సింగి మొత్తం గాలించినా దొరకడు. కొందరు తాగి సంసారం పాడుచేసుకుంటారు, కొందరు పేకాడి. నేను ఫ్రిజ్ సర్ది పాడుచేసుకున్నాను. నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు మా ఇంట్లో నవ్వడానికి ఎవరూ మిగల్లేదు.

మా అమ్మది సిద్దిపేట వైపు. మా ఆవిడ సుధది భీమవరం. ఇద్దరికీ కలిపి ఒకటే ఫ్రిజ్. దాన్లో అన్నీ ఐస్‌క్రీం డబ్బాలే, ఒక్కదాన్లోనూ ఐస్‌క్రీం ఉండదు. అల్లంవెల్లుల్లి ముద్ద ఉంటుంది, చింతపండు గుజ్జు ఉంటుంది. ఆ వెలిసిపోయిన డబ్బాలు చూస్తే నాకు ప్రాణం విసిగేది. హైటెక్ సిటీలో రోజంతా తెర మీద బొమ్మలూ బొత్తాలూ వరసగా పేర్చే ఉద్యోగం నాది. ఆ దురద ఇంటికీ అంటుకుంది.

వరలక్ష్మీ వ్రతం రోజు ఇంటినుంచే పని చేస్తానని ఆఫీసుకు చెప్పాను. అత్తాకోడళ్ళు పూలకు వెళ్ళారు. చెవిలో మేనేజర్ మాట్లాడుతుండగానే, కొత్తగా తెప్పించిన గాజులాంటి డబ్బాల్లోకి అన్నీ మార్చేశాను. అరలకు పూల కాగితం పరిచాను. ప్లాస్టిక్ తీగ అల్లాను. తలుపు తీయగానే వెలిగే బుల్లి బల్బుల దండ వేశాను. ఒక పాత డబ్బాలో నూనెలో మునిగిన రొయ్యల పచ్చడి తగిలింది, ఇంకోదాన్లో కోవా బిళ్ళలు.

ఇక్కడ మీకు రెండు ముక్కలు చెప్పాలి. శ్రావణమాసంలో ఇంట్లో నీసు కనపడకూడదని అమ్మ హుకుం. అమ్మకు షుగర్ కాబట్టి తీపి ముట్టకూడదని సుధ కట్టడి. రెండూ నాకు బాగా తెలుసు. అయినా ఆగి ఆలోచించానా? ఆలోచించాను. ఎరుపు పక్కన తెలుపు ఎంత బాగుంటుందో అని. ఆ రెంటినీ నడిమి అరలో, బల్బుల కింద, దేవుడి పాల పక్కనే పెట్టాను.

వాళ్ళు వచ్చాక ఫ్రిజ్‌కు అడ్డంగా నిలబడి, ఏం కావాలన్నా నేనే అందిస్తానన్నాను. సుధ అనుమానంగా చూసింది గానీ కలశం తొందరలో వదిలేసింది. సాయంత్రం పేరంటానికి అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళందరితో హాలు నిండిపోయింది. వాయనాలకు తమలపాకులు తెమ్మంది సుధ. నా ఘడియ వచ్చిందనుకున్నాను. అందరినీ ఇటు చూడమని, పెళ్ళిలో అడ్డుతెర తీసినంత ఠీవిగా తలుపు తీశాను.

బల్బులు వెలిగాయి. రొయ్యలు కూడా పేరంటానికే వచ్చినట్టు ముస్తాబై కూర్చున్నాయి.

పక్క ఫ్లాటావిడ మెల్లగా, "అవి రొయ్యలేనా వదినగారూ?" అని అమ్మనడిగింది.

అమ్మ సుధ వైపు చూసింది. "ఏంది సుధా, శ్రావణంల?"

సుధ కోవా వైపు చూసింది. "మీ షుగరెంతుందో తెలిసీ ఇన్ని కోవాలా అత్తయ్యగారూ?"

వాయనాలు అంత వేగంగా అందుకుని వెళ్ళిపోవడం నేనెక్కడా చూడలేదు.

ఆ తర్వాత వాళ్ళ మధ్య మాటల్లేవు. ఒకే సోఫాలో కూర్చుని నా ద్వారా మాట్లాడుకునేవారు. మీ అమ్మగారిని మాత్ర వేసుకోమనండి అని ఈవిడ. వేసుకున్నానని నీ పెండ్లానికి చెప్పు అని ఆవిడ. చివరికి అమ్మ సిద్దిపేట బస్సు వేళలు అడిగింది. సుధ ఫోన్‌లో భీమవరం రైళ్ళు వెతుకుతోంది. నా ఇల్లు రెండు దిక్కులా బయలుదేరిపోతోంది.

ఏడుపొక్కటే తక్కువగా అమ్మ దగ్గర కూర్చుని, సుధ ఏదో తెలియక తెచ్చుకుందని నసిగాను.

"నాకు ఎర్కలేదనుకున్నవా కొడుకా?" అంది అమ్మ. "ఆ డబ్బల ఏమున్నదో మొదటి దినమే ఎర్క. కండ్లవడకుండ పెట్టుకున్నది, నేను ఊకున్న. నా కోవా సంగతి ఆమెకు ఎర్క, ఆమె ఊకున్నది. నువ్వు నలుగురి ముంగట లైటేసి సూపెడితివి. ఇగ కొట్లాడక ఏం జెయ్యాలె?"

"అత్తయ్యగారు చెప్పింది అక్షరాలా నిజమండీ," అంది గుమ్మంలోంచి సుధ.

అంతే, ఇద్దరూ ఒక్కటైపోయారు, నన్ను తిట్టడంలో. మా ఇల్లు నడుస్తున్నదే సర్దుబాటు మీద. నేను దాన్ని కాస్తా సర్దేశాను.

సంధి షరతు ఒకటే. నేను ఫ్రిజ్ ముట్టుకోకూడదు. చల్లటి నీళ్ళు కావాలన్నా అడుక్కోవాలి. మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. కరెంటు సాక్షిగా మీ ముందూ ప్రమాణం చేస్తున్నాను: లోపలున్నది బయటికి కనిపించే డబ్బాను ఈ జన్మలో మా గడప దాటి లోపలికి రానివ్వను.

వేసవి రాగానే రోడ్డు పక్కన ఒక రంజన్ కుండ కొని, బాల్కనీలో నా కుర్చీ పక్కన పెట్టుకున్నాను. ఆ నీళ్ళ రుచికి ముందు అమ్మ పడిపోయింది, తర్వాత సుధ. నిన్న అమ్మ మూత ఎత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, అడిగితే నేనే ముంచిస్తానన్నాను.

"నీళ్ళే గదరా. లోపల ఇంకేమున్నది?"

మూత ఒకసారి సరిచూసి ల్యాప్‌టాప్ వైపు తిరిగాను. అప్పట్నుంచీ అత్తాకోడళ్ళిద్దరూ కుండకేసి చూస్తూ గుసగుసలాడుతున్నారు. అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ సంగతి మాత్రం వాళ్ళకు చచ్చినా చెప్పను.