వీసీ గారి ముందు తిరిగిన నా వేలు

పోయిన శుక్రవారం నా చూపుడు వేలు నా ఉద్యోగాన్ని తినేసేదే. నవ్వకండి, ముందు వినండి. అసలే ఓపిక లేదు.

మీకు తెలుసుగా, తెలుగులో న్యూస్ చానళ్లు కొత్తగా పుట్టిన రోజుల నుంచీ నేను ప్రొడ్యూసర్‌ని. ఎవరు మాట్లాడుతున్నా నా కళ్లు గడియారం మీదే. స్టూడియోలో నోరు విప్పకూడదు కదా, అన్నీ సైగలే. వేలు గాల్లో గుండ్రంగా తిప్పితే 'టైమైపోతోంది, ముగించు' అని. అప్పటికీ ఆపకపోతే అరచెయ్యి మెడకి అడ్డంగా గీస్తాం, 'కట్' అని. ఆ పరుగు ఇక నా వల్ల కాదని యూనివర్సిటీలో జర్నలిజం చెప్పడానికి చేరాను. ప్రతి కొత్త బ్యాచ్‌కీ నా మొదటి పాఠం ఈ సైగలే. ఉద్యోగం మారింది గానీ వేలు మారలేదు. ఇంట్లో మా ఆయన శామ్యూల్ భోజనం ముందు ప్రార్థన కాస్త సాగదీసినా అది లేస్తుంది. "దేవుడికి కూడా టైమ్ పెడతావటే?" అంటాడు.

శుక్రవారం మా డిపార్ట్‌మెంట్ కొత్త స్టూడియో ప్రారంభం. వీసీ గారు ముఖ్య అతిథి. నా ప్రొబేషన్ ఆ వారంతో సరి. నన్ను పర్మనెంట్ చేసే కాగితం ఆయన టేబుల్ మీదే ఉంది. మా హెడ్ రహీమ్ గారు పొద్దున్నే చెప్పారు. "మేడమ్, ముందు వరసల కూసోండి. జెర నవ్వుతుండండి. ఇంకేం చెయ్యకండి."

వారమంతా ఆ వైర్లూ లైట్లూ చూసుకుని ఒళ్లు హూనమైంది. పైగా కాప్రా నుంచి బస్సులో నిలబడే వచ్చాను. వీసీ గారు చిన్నప్పుడు వాళ్లింట్లో పాడైన రేడియోతో షురూ చేశారు. పావుగంట. అరగంట. రేడియో ఇంకా రిపేర్ కాలేదు! నా రెప్పలు వాలిపోతున్నాయి. ఎదురుగా లైట్లు, మైకు, మాట్లాడే మనిషి. ఆ మత్తులో పాత చానల్లోనే ఉన్నాననుకున్నాను. చెయ్యి లేచింది. వేలు తిరిగింది.

ఆయన తడబడ్డారు. అప్పుడైనా మెలకువ రావాలా? ఊహూ! 'ఇంకా ఆపడేంటీ మనిషి' అనుకుని అరచేత్తో మెడ మీద ఒక్క గీత గీసేశాను.

ఆయన చెయ్యి తన మెడ మీదికి పోయింది. "థాంక్యూ" అని కూర్చుండిపోయారు.

"ఏందిది మేడమ్! ఏం జేసిన్రు!" రహీమ్ గారు తల పట్టుకున్నారు. అప్పటికి గానీ నాకు మెలకువ రాలేదు. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఆ చానల్ గుమ్మమే ఎక్కాలి. తలచుకుంటేనే ఏడుపొచ్చింది, ఒట్టు.

మధ్యాహ్నం వీసీ గారి నుంచి పిలుపు. "మేడమ్, నన్ను బెదిరించిన్రా?"

వేలి దగ్గర్నుంచి మెడ దాకా అంతా వివరించాను. ఆయన అడిగింది ఒక్కటే. "ఎంతసేపు మాట్లాడిన?"

అబద్ధం ఆడొచ్చు. నా నోరు వింటేగా! "నలభై ఒక్క నిమిషాలు సార్. మీకిచ్చింది పది."

"మా ఇంట్ల మేడమ్ సుత గిదే అంటది" అని నిట్టూర్చి, కాగితం మీద సంతకం పెట్టేశారు.

సోమవారం గాల్లో తేలుతూ క్లాసుకెళ్లాను. పిల్లలకి ఈ కథంతా నటించి మరీ చెప్పాను. అక్కణ్ణుంచి నా చానల్ రోజులు, నా మొదటి బులెటిన్, అందులో పడ్డ తిప్పలు... తలెత్తి చూస్తే వెనక బెంచీలో ఒక వేలు తిరుగుతోంది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే క్లాసంతా వేళ్లే. గడియారం చూశాను. బెల్లు కొట్టి పన్నెండు నిమిషాలైంది.

ముందు బెంచీలో కూర్చునే గ్రేస్ మాత్రం పాపం మర్యాదస్తురాలు, వేలు తిప్పలేదు. అరచెయ్యి మెడ దగ్గర పెట్టుకుని, గీయాలా వద్దా అన్నట్టు నా వైపు చూస్తోంది.